అక్షరాలు గీసినోళ్ల కూలి

శనివారం, హనుమకొండ

శుభలేఖలు, పుస్తకాలు కంపోజ్ చేసే నా షాపులో రెండో సిస్టం ఈరోజు బిగించారు. పాతది వానలు మొదలైనప్పుడే చెడిపోయింది. శ్రావణం ముహూర్తాల శుభలేఖలన్నీ ఒక్క సిస్టం మీదే నెట్టుకొస్తున్నాను. కంప్యూటర్లు బిగించే కుర్రాడు, నేను తమ్ముడూ అని పిలిచేవాడు, పొద్దున్నే వచ్చి బిల్లు చేతిలో పెట్టాడు. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్, మానిటర్, ఆఖరికి పవర్ కేబుల్ ధర కూడా రాశాడు. బేరమాడి అన్నిటికీ డబ్బులిచ్చాను. మరి సాఫ్ట్‌వేర్ సంగతేంటని అడిగితే జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు.

"దానికి పైసలెందుకక్కా? పేజ్‌మేకర్, ఫొటోషాప్, కోరల్, అను ఫాంట్లు అన్నీ దీంట్ల ఉన్నయి. గంటల ఏసిస్త."

పేజీలు కట్టేవి, ఫొటోలు దిద్దేవి, బొమ్మలు గీసేవి, తెలుగు అక్షరాలవి, అన్నీ లైసెన్సు లేని దొంగ కాపీలే. వద్దు తమ్మీ అన్నాను. నేను డబ్బుల కోసం జంకుతున్నానేమో అనుకుని, "నేనేం తీస్కోనక్కా, ఊకెనే ఏస్త" అన్నాడు.

వాడి మీద కోపం రాలేదు. ఈ అలవాటు వాడితో మొదలైంది కాదు. 1976 ఫిబ్రవరిలో, అంటే మన కాకతీయ యూనివర్సిటీ పుట్టిన ఏడే, ఇరవై ఏళ్ల బిల్ గేట్స్ అమెరికాలో సరదాకు కంప్యూటర్లు బిగించుకునేవాళ్లకు ఒక బహిరంగ లేఖ రాశాడు. ఆల్టెయిర్ అనే యంత్రానికి తాము రాసిన బేసిక్ అనే ప్రోగ్రాంను చాలామంది కొనకుండానే వాడుకుంటున్నారని, యంత్రానికైతే డబ్బులిస్తారు గానీ దాన్ని నడిపించే ప్రోగ్రాం మాత్రం ఊరికే పంచుకునేది అనుకుంటున్నారని ఆయన బాధపడ్డాడు. ఈరోజు నా చేతిలో ఉన్న బిల్లూ అట్లాగే ఉంది.

"పెద్ద పెద్ద కంపెనీలక్కా. మనం కొనకుంటే ఆళ్లు బీదోళ్లయితరా?" అన్నాడు తమ్ముడు. ఈ మాట చాలామంది దగ్గర విన్నాను. ఒకవైపు నిజమే కూడా. ఆ కంపెనీలకు మన హనుమకొండ చౌరస్తా షాపులు ఒక లెక్క కాదు. పైగా అదే గేట్స్ 1998లో చైనా గురించి మాట్లాడుతూ, ఎట్లాగూ దొంగిలించేటట్టయితే మాదే దొంగిలించాలని మేం కోరుకుంటాం అన్నాడు. అలవాటు పడ్డాక ఎప్పుడో ఒకప్పుడు వసూలు చేసుకోవచ్చని ఆయన ధీమా. అంటే మన క్రాకు, లైసెన్సు తాళం విరిచిన దొంగ కాపీ, పెద్దవాడిని ముంచదు, వాడి సరుకుకే మన చేతులను అలవాటు చేస్తుంది.

మునిగేది మనకు దగ్గర్లో ఉన్నవాడు, తెలుగు అక్షరాలు గీసేవాడు.

ఇంగ్లీషు ఫాంటు చేసేవాడికి పెద్దబడి చిన్నబడి కలిపి యాభై రెండు అక్షరాలు. అంకెలు, గుర్తులు దానికి పైన. తెలుగుకు గుణింతాలు, వత్తులు, వత్తు మీద వత్తు, అన్నీ కలిపి వందల ఆకారాలు గీయాలి. "రాష్ట్రం"లో కింద వేలాడే రెండు వత్తులు కింది లైను గుడిదీర్ఘానికి తగలకూడదు. "లక్ష్మి" శుభలేఖలో ఎంత పెద్దగా వేసినా, విజిటింగ్ కార్డులో ఎంత చిన్నగా వేసినా ముద్ద కాకూడదు. ఇన్నేళ్లు కంపోజింగ్ చేసిన కళ్లు కాబట్టి ఒక వత్తు సరిగ్గా కూర్చోవడం వెనక ఎంత పని ఉందో నాకు తెలుసు. అంతా చేశాక వాడి సరుకు కొనేదెవరు? తెలుగు అచ్చేసేవాళ్లే. ప్రపంచమంతా గిరాకీ ఉన్న వస్తువు కాదది. ఆ ఉన్న కొద్దిమందీ పెన్‌డ్రైవ్‌లు తిప్పుకుంటే ఆ మనిషి ఇంకో ఫాంటు ఎందుకు గీస్తాడు? శుభలేఖలన్నీ ఏళ్ల తరబడి అవే నాలుగైదు అక్షరాల్లో ఎందుకుంటున్నాయంటే నాకు తోచే కారణాల్లో ఇది మొదటిది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది. ఇప్పటికీ దాన్నే పట్టుకుని వేలాడుతున్నామంటే ఊరికే దొరకడమూ ఒక కారణమే. అందులో పాత ఫాంట్లతో కొట్టిన తెలుగు ఫోన్‌లోకి పంపితే పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది.

తమ్ముడు ఇంకో మాట కూడా అన్నాడు. "కాపీ చేస్తే ఆయన దగ్గర ఉన్నదేం తగ్గదు గదక్కా." వాడిది వరంగల్‌లో నేతపనివాళ్లుండే కొత్తవాడ. వాళ్ల తాత మగ్గం నేశాడు. అందుకే మీ దర్రీల, అదే మగ్గం మీద నేసే తివాచీల, సంగతి చెప్పు అన్నాను. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అని చట్టం ఇచ్చే గుర్తింపు, వచ్చింది. అదే డిజైన్ ఎవడో మిల్లులో దింపి అదే పేరుతో అమ్మితే తాత మగ్గం ఎక్కడికీ పోదు, నూలూ తగ్గదు. కానీ తాతకు కూలి పడదు. వాడు కాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత "అది వేరే గదా" అన్నాడు, కానీ ముందున్నంత గట్టిగా అనలేదు.

మధ్యాహ్నం నర్సంపేట నుంచి రిటైరైన తెలుగు పంతులుగారు పద్యాల పుస్తకం పట్టుకుని వచ్చారు. ప్రతి పద్యం చేతిరాతలో, గణాలు తప్పకుండా చూసుకుని రాసుకున్నారు. నాలుగో పేజీలో పెట్టాల్సినవి విడిగా చిన్న కాగితం మీద రాసిచ్చారు. ప్రతులు ఇన్ని, వెల ఇంత, "సర్వహక్కులు రచయితవి". ఆ లైను టైపు చేస్తుంటే నాకు పొద్దుటి మాటలే తిరిగాయి. ఈయన హక్కు ఈయనది అని అచ్చేసే అక్షరాలే ఇంకొకరి దగ్గర ఎత్తుకొచ్చినవైతే ఆ లైనుకు అర్థమేముంది? మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 1984 సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాం కూడా అందులో సాహిత్య రచనల లెక్కలోకే వచ్చింది. చట్టం దృష్టిలో పంతులుగారి సీసపద్యమూ, ప్రోగ్రామర్ రాసిన కోడూ ఒకే వరుసలో నిలబడతాయి. దొంగ కాపీ అని తెలిసి వాడితే 63బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. పంతులుగారికి అదంతా చెప్తే జైలు సంగతి పక్కన పెట్టి, "కోడు కూడా రచనేనా అమ్మా" అని చాలా సంతోషపడ్డారు.

నిజానికి నేను వద్దన్నది జైలుకు భయపడి కాదు. క్రాకు వేసేటప్పుడు మొదట చెప్పే మాట యాంటీవైరస్ ఆపమని. నా సిస్టంలో ఊరి వాళ్ల ఆధార్ స్కాన్లు, పిల్లల మెమోలు, పట్టా పాస్‌బుక్కుల కాపీలు ఉంటాయి. వాళ్లు నన్ను నమ్మి ఇచ్చినవి. ఎవడు రాశాడో తెలియని ప్రోగ్రాంకు ఆ తలుపు నేనే ఎట్లా తీయను? 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు, అది దూరిన కంత మూసే అప్‌డేట్ మార్చిలోనే వచ్చి ఉంది. దొంగ కాపీ బయటపడుతుందనో ఎందుకనో అప్‌డేట్లు ఆపేసి పెట్టుకున్న సిస్టంలకు అది అందలేదు.

ధర మాటేంటంటే, అది నిజమైన బాధే. నెలనెలా కట్టమనే లైసెన్సులు జిల్లా ఊళ్లలో చిన్న షాపులకు మోయలేని బరువు. ఆ ధర పెట్టినవాళ్లను నేను వెనకేసుకు రాను. కానీ మోయలేకపోతే దొంగ సరుకే దిక్కనుకోవడం తప్పు. పేజీలు కట్టడానికి స్క్రైబస్ ఉంది, బొమ్మలకు ఇంక్‌స్కేప్, ఫొటోలకు గింప్, రాతపనికి లిబ్రేఆఫీస్ ఉన్నాయి, అన్నీ ఉచితంగా ఇచ్చినవే. మన బమ్మెర పోతన పేరు పెట్టిన ఫాంటును, దాన్ని చేసిన దేశికాచారి గారు ఎవరైనా వాడుకోండని ఇచ్చారు. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వాళ్లు ఇచ్చిన మండలి, సురవరం, రామభద్ర ఫాంట్లు కూడా అంతే, అచ్చుకు వాడుకుని డబ్బు సంపాదించినా ఎవరూ అడగరు. ఇచ్చింది తీసుకోవడం వేరు, ఇవ్వనిది లాక్కోవడం వేరు. ఇలా ఇచ్చినవాళ్లు కూడా లైసెన్సు రాసే ఇచ్చారు. చేసినవాడి మాటకు విలువ లేదనుకుంటే వాళ్ల మాటకూ విలువ ఉండదు.

ఉచితం అంటే తేలిక కాదు. షార్ట్‌కట్‌లన్నీ వేరు. ఇంక్‌స్కేప్‌లో గీసిన గణపతి బొమ్మను స్క్రైబస్‌లోకి తెచ్చి అచ్చుకు కావాల్సిన సీఎంవైకే రంగుల్లోకి మార్చేసరికి సాయంత్రమైంది. తమ్ముడు పక్కనే కూర్చుని చూశాడు. వెళ్లేటప్పుడు మండలి ఫాంటు తన ఫోన్‌లోకి ఎక్కించుకుని, "ఇది ఇంకో షాపుల ఏస్తే నడుస్తదా అక్కా?" అని అడిగాడు. నడుస్తుంది, ఎంతమందికైనా వెయ్యి అన్నాను.

పంతులుగారి పుస్తకం మొదటి ఫారం, అంటే ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్ట, ఆ మండలి ఫాంటులోనే కట్టాను. సోమవారం ప్రూఫు ఇవ్వాలి. నాలుగో పేజీలో ఫాంటు చేసినవాళ్ల పేరు కూడా వేద్దామని ఆయనే అన్నారు, వెల కింద వేయాలా పైన వేయాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఫొటో పనికి మాత్రం ఒక లైసెన్సు కొనక తప్పేటట్టు లేదు. దసరా గిరాకీలో ఆ డబ్బు పక్కన పెట్టాలి.