మీవాళ్లకి ఇది మామూలే అన్నాడు

"అమ్మకీ మతిమరుపేనా? అయితే ఇంకేం, మీ ఏజెన్సీవాళ్లకి ఇది వంశంలోనే ఉంటుంది" అన్నాడు టౌన్‌లో మొదట చూసిన డాక్టరు. నాతో కాదు, మా చెల్లితో. నాకు మాట తడబడుతోంది కానీ ఆ మాట బాగానే అర్థమైంది.

మేం కోయలం, చింతూరు వైపు. ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. అమ్మ చివర్లో నన్ను చూసి నాన్న అనుకునేది. అందుకే ఆ రాత్రి అంత భయం వేసింది. కరెంటు పోయింది. నీళ్ల కోసం లేస్తే బిందె ఎటుందో తెలియలేదు. తలుపనుకుని గోడ తడుముతున్నాను, నేను పుట్టిన ఇంట్లోనే. మనవరాలు టార్చి వేసి "తాతా, ఏం కావాలి?" అంది. ఆ పిల్ల పేరు నోటికి రాలేదు. నాకూ అమ్మ గతే పట్టిందని తెల్లారేదాకా వణికాను.

రాజమండ్రిలో డాక్టరమ్మ ముందుగా అడిగింది, "ఈమధ్య ఎక్కడైనా పడ్డారా?" అని. మారేడుమిల్లి ఘాట్‌లో బండి జారిన సంగతి చెల్లి చెప్పింది. అప్పుడు చిన్న బొప్పి కట్టిందంతే. సీటీ స్కాన్ తీస్తే పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం చేరి మెదడుని పక్కకి నెడుతోంది. వయసుతో మెదడు కాస్త కుంచించుకుపోతుందట, పైనున్న సన్నని సిరలు సాగి చిన్న దెబ్బకే చిట్లుతాయట, రక్తం వారాల తరబడి ఊరుతుందట. పుర్రెకి చిల్లు పెట్టి తీసేశారు. తెలివొచ్చాక మనవరాలిని పేరు పెట్టి పిలిచాను. ఆ డాక్టరమ్మకి చేతులెత్తి మొక్కాను. ముత్యాలమ్మకి కోడినీ ఇచ్చాం.

మొదటాయన మాట మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు. అపో-ఇ4 లాంటి జన్యువు ముప్పు పెంచుతుంది, నిజమే. అది అన్ని జాతుల్లోనూ ఉంది. ఉన్నవాళ్లందరికీ మతిమరుపు రాదు, లేనివాళ్లకీ వస్తుంది. బొలీవియా అడవుల్లోని త్సిమానే ఆదివాసుల మీద 2022లో వచ్చిన అధ్యయనంలో, 60 దాటినవాళ్లలో నూటికి ఒక్కరికే డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు, కనిపించింది. మన దేశం మొత్తంలో ఆ వయసువాళ్లలో నూటికి 7 మందికి పైనే. మరి ఏజెన్సీ రక్తమని ఏ లెక్కన అన్నాడు?

పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకపడుతుంటే వయసని వదిలేయకండి. ఈమధ్య పడ్డారేమో అడగండి, స్కాన్ తీయమనండి.

అమ్మకి బీపీ ఉండేది. మాత్రలు దొరికిననాడు వేసుకునేది, లేనినాడు లేదు. బీపీ మెదడులోని సన్నటి రక్తనాళాల్ని పాడుచేస్తుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు, స్కానూ తీయలేదు. ఇప్పుడు చెల్లికీ బీపీ వచ్చింది. సబ్‌సెంటర్‌లో మాత్రలు అయిపోతే నేనే చింతూరు వెళ్లి తెస్తున్నాను.