కాఫీ ఏ ఖాతాలో రాయాలి: నీళ్లలోనా, తిండిలోనా? (నా అనుభవం)

డైటీషియన్ ఇచ్చిన చార్టులో రెండు గళ్లుంటాయి, ఒకటి నీళ్లకి, ఒకటి కేలరీలకి. మజ్జిగ, కొబ్బరినీళ్ల దగ్గర పేచీ లేదు. కాఫీ దగ్గరే వస్తుంది. మా కావలిలో ఎవర్ని అడిగినా "కాఫీ ఒంట్లో నీళ్లన్నీ లాగేస్తుంది, దాన్ని నీళ్ల కింద ఎట్టా రాస్తావు?" అంటారు. కూర్చుని లెక్క కట్టాక నాకు తేలింది ఇది: కాఫీని రెండు గళ్లలోనూ రాయాలి. అందులోని నీళ్లు నీళ్లకే, పాలూ చక్కెరా కేలరీలకి.

ముందు "లాగేస్తుంది" అన్న మాట సంగతి. కెఫీన్ మూత్రాన్ని కొంచెం పెంచే మాట నిజమే. కానీ రోజూ తాగే అలవాటున్న ఒంటికి ఆ ప్రభావం చాలా తక్కువ, తాగిన నీళ్లకంటే ఎక్కువేమీ పోదు. బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ఒక అధ్యయనం అచ్చువేశారు. రోజూ కాఫీ తాగే 50 మంది మగవాళ్లకి 200 మి.లీ. చొప్పున రోజుకి నాలుగుసార్లు కాఫీ ఇచ్చి, ఇంకో విడతలో అంతే నీళ్లిచ్చి చూశారు. రక్తం, 24 గంటల మూత్రం, ఒంట్లో మొత్తం నీరు కొలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నీళ్ల గడిలో కాఫీ రాయడానికి నాకు ఈ ఆధారం చాలు.

ఇక కొలత. అసలు పని ఇక్కడే ఉంది. "నాలుగు కప్పులు" అనేది కొలత కాదు. టీ బంకు దగ్గర కాగితం కప్పు వేరు, హోటల్లో స్టీలు గ్లాసు వేరు, ఇంట్లో గ్లాసు వేరు. వంటింటి డిజిటల్ త్రాసు మీద ఖాళీ గ్లాసు పెట్టి సున్నా చేసి, మామూలుగా కాఫీ పోసుకునేంత వరకు నీళ్లు పోయాలి. ఎన్ని గ్రాములు చూపిస్తే అన్ని మిల్లీలీటర్లు. మా ఇంటి గ్లాసు అంచు దాకా 180 పడుతుంది, కానీ కాఫీ పోసేది 120 వరకే. కాఫీని కంటితో కొలిస్తే నురగ మోసం చేస్తుంది. తూకానికి ఆ బెడద లేదు.

చెంచా కూడా అంతే. గోపురంగా తీస్తే ఒక చెంచాకి ఏడెనిమిది గ్రాముల చక్కెర వస్తుంది, చదును చేస్తే నాలుగైదే. మీరు రోజూ తీసినట్టే పది చెంచాలు తీసి తూచి, పదితో భాగించండి. నా చెంచాకి 5 గ్రాములు, అంటే 20 కేలరీలు. బెల్లం వేసుకున్నా కేలరీల్లో దాదాపు ఇంతే, అక్కడ మిగిలేదేమీ లేదు.

పాల లెక్క ప్యాకెట్ మీదే ఉంటుంది. ఫుల్ క్రీమ్ అంటే కొవ్వు 6 శాతం, మిగతా ఘనపదార్థం 9 శాతం. 100 గ్రాముల్లో కొవ్వు నుంచి 54, మాంసకృత్తులూ లాక్టోజూ (పాలల్లో ఉండే చక్కెర) కలిపి ముప్పై పైచిలుకు, మొత్తం 87 దాకా కేలరీలు. టోన్డ్ పాలు కొవ్వు 3, ఘనపదార్థం 8.5 శాతం కాబట్టి 58 దగ్గర ఆగుతాయి. ఇంటికి పోయించుకునే బర్రెపాలకి అచ్చు వేసిన అంకె ఉండదు. చిక్కగా ఉంటే ఫుల్ క్రీమ్ కంటే ఎక్కువే వేసుకోండి. పాలు మరగబెట్టి చిక్కపరిచే అలవాటుంటే కాచకముందే కొలవాలి. ఆవిరయ్యేది నీళ్లే, కొవ్వు కాదు.

ఇప్పుడు ఒక గ్లాసు చూద్దాం. డికాక్షన్ 30, ఫుల్ క్రీమ్ పాలు 90 మి.లీ., చక్కెర రెండు చెంచాలు. పాలకి 80, చక్కెరకి 40, మొత్తం 120 కేలరీలు. నీళ్ల గడిలో 120 వేయకూడదు, పాలల్లో దాదాపు 15 శాతం ఘనపదార్థమే. సుమారు 105 మి.లీ. వేయాలి. రోజుకి నాలుగు గ్లాసులంటే నీళ్లు 420 మి.లీ., కేలరీలు 480. టోన్డ్ పాలకి మారి, ఒక చెంచాకి తగ్గిస్తే గ్లాసు 75 లోపే వస్తుంది.

ఫోన్ యాప్‌లో ఉత్త "కాఫీ" అని కొడితే 2 కేలరీలు చూపించొచ్చు. అది పాలూ చక్కెరా లేని బ్లాక్ కాఫీ లెక్క. మన కాఫీకి పాలూ చక్కెరా విడివిడిగా ఎక్కించడమే మేలు.

డికాక్షన్‌లో కేలరీలు పెద్దగా ఉండవు, చూడాల్సింది కెఫీన్. మన జాతీయ పోషకాహార సంస్థ (ఐసీఎమ్ఆర్-ఎన్ఐఎన్) 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకి 300 మిల్లీగ్రాములు దాటొద్దని ఉంది. 150 మి.లీ. డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65 అని కూడా వాళ్లే చెప్పారు. పొడిలో కలిపే చికోరీలో కెఫీన్ లేదు కాబట్టి 60:40 పొడికి (కాఫీ 60, చికోరీ 40 పాళ్లు) ఇంకొంచెం తగ్గుతుంది. గర్భిణులకి యూరప్ ఆహార భద్రతా సంస్థ చెప్పిన హద్దు 200. భోజనానికి ఒక గంట ముందూ గంట తర్వాతా కాఫీ వద్దు, ఇనుము సరిగ్గా ఒంటబట్టదు. థైరాయిడ్ మాత్ర మాత్రం ఉత్త నీళ్లతోనే, ఆ తర్వాత కనీసం అరగంట ఆగి కాఫీ.

మొత్తం ఎన్ని నీళ్లు కావాలి? అదే యూరప్ సంస్థ 2010లో ఆడవాళ్లకి 2 లీటర్లు, మగవాళ్లకి 2.5 లీటర్లు అంది. తిండిలోంచి వచ్చే నీరు కూడా అందులో కలిసే ఉంది. అది మోస్తరు వాతావరణానికి చెప్పిన అంకె. రోహిణీ కార్తెలో నెల్లూరు ఎండకి అది సరిపోదు. చెమటతో ఉప్పు కూడా పోతుంది, దాన్ని కాఫీ పూడ్చదు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ తాగాలి. విరేచనాలైతే లీటరు నీళ్లకి ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్, ఆ రోజు కాఫీని లెక్కలోకే తేవద్దు.

కనిగిరి, ఉదయగిరి వైపు వాళ్లకి ఇంకో మాట. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లతో డికాక్షన్ వేస్తే మరిగించినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి క్యాన్ నీళ్లు తెచ్చుకునే ఇంట్లో కాఫీకీ అవే వాడాలి. కిడ్నీ జబ్బుతో డాక్టర్ రోజుకి ఇన్ని నీళ్లే అని హద్దు పెట్టినవాళ్లయితే కాఫీ, టీ, మజ్జిగ, చారు అన్నీ ఆ హద్దులోనే కొలిచి రాయాలి. వాళ్లు 105 అని తగ్గించి వేయొద్దు, గ్లాసులో పోసిన 120 అంతా వేయాలి.