బొరుగుతో జర్మనీకి

మా పిల్లి పేరు బొరుగు. మూడేళ్ల కిందట, అనంతపురంలో గట్టిగా వాన పడిన ఒక సాయంత్రం (మా ఊళ్లో అదే ఒక విశేషం) మెట్ల కింద తడిసి ముద్దై దొరికింది. తుడిచి ఆరబెడితే తెల్లగా, ఊదితే ఎగిరిపోయేటట్టు ఉంది. ఉగ్గానిలోకి తెచ్చిన బొరుగులు పక్కనే ఉన్నాయి. నాయన ఒకసారి వాటిని చూసి, ఒకసారి దీన్ని చూసి ఆ పేరు పెట్టేశాడు. ఇప్పుడది ఆరు కిలోలు దాటింది. పేరు మాత్రం అదే.

మా ఆయనకు స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం వచ్చి 2024 ఏప్రిల్‌లో వెళ్లాడు. నా వీసా జూలై చివరికల్లా చేతికొచ్చింది. టికెట్ ఎప్పటికి చేయమంటావని ఫోన్ చేస్తే డిసెంబర్‌కి చేయమన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. "పిల్లికి ఇంకా నాలుగు నెలలు పడుతుంది" అని చెప్పాను. ఆ మాట ఎట్లాగో బంధువులందరికీ చేరింది. ఆ నాలుగు నెలలూ ఎవరింటికి వెళ్లినా "మొగుని కంటే పిల్లి ఎక్కువైపాయెనా పాపా" అనే ప్రశ్నతోనే కాఫీ ఇచ్చారు.

నిజానికి ఆలస్యం తగ్గేదే. జూన్‌లోనే బొరుగుకు రేబిస్ టీకా వేయించాను. వేసినాయన చాలా మంచివాడు, పిల్లిని నొప్పి తెలియకుండా పట్టుకున్నాడు, కార్డు మీద ముద్ర కూడా వేశాడు. కానీ అప్పటికి దానికి మైక్రోచిప్ లేదు. ఐరోపా వాళ్ల లెక్కలో ముందు చిప్, తర్వాతే టీకా. రెండూ ఒకే రోజు అయినా ఒప్పుకుంటారు. చిప్ కంటే ముందు వేసిన టీకా మాత్రం వేయనట్టే. వాళ్ల వైపు నుంచి చూస్తే న్యాయమే. ఆ సూది పొడిపించుకున్నది ఈ పిల్లే అని రుజువేముంది? ఈ సంగతి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇద్దరికీ తెలియని విషయం మీద ఎవరిని తిడతాం?

ఆగస్టు 5న బెంగళూరు తీసుకెళ్లి భుజాల మధ్య చర్మం కింద చిప్ పెట్టించి, అదే పూట మళ్లీ టీకా వేయించాను. చిప్ అంటే బియ్యపు గింజంత గాజు గొట్టం. దాన్లో ఉండేది 15 అంకెల నంబరు ఒక్కటే. బ్యాటరీ లేదు, సిగ్నల్ లేదు. ఎదురింటి ఆంటీకి ఎంత చెప్పినా ఎక్కలేదు. బొరుగు గోడ దూకిన ప్రతిసారీ "మీ ఫోన్లో చూడు, యాడుందో కనపడతాది" అనేది.

ఇక అసలు లెక్క. రేబిస్ ముప్పు తక్కువని ఐరోపా వాళ్లు రాసుకున్న దేశాల జాబితాలో మన దేశం లేదు. అందుకని టీకా ఒక్కటే చాలదు, ఆ టీకా పనిచేసిందని రక్తపరీక్షలో తేలాలి. టీకా వేసి కనీసం 30 రోజులు అయ్యాక రక్తం తీయాలి. ఐరోపా యూనియన్ ఆమోదించిన ల్యాబ్‌కే ఆ రక్తంలోంచి తీసిన సీరం పంపాలి. రేబిస్‌ను ఎదిరించే యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 యూనిట్లకు తగ్గకూడదు. ఫలితం బాగానే ఉన్నా వెంటనే బయల్దేరడానికి లేదు. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. ఎందుకింత అంటే, టీకాకు ముందే ఎక్కడైనా పిచ్చికుక్క కరిచి ఉంటే జబ్బు బయటపడే సమయం అది.

మాకు రక్తం తీయడం సెప్టెంబర్ 6న కుదిరింది. మర్నాడే వినాయక చవితి. ఎలుక వాహనుడి పండక్కి ముందురోజు పిల్లి నెత్తురు కళ్లజూశానని అవ్వ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడోరోజు తనే వచ్చి దాని కాలి మీద గొరిగిన చోట తడుముతూ అంది: "పిల్లి తన పిల్లల్ని ఏడిండ్లు తిప్పుతాదంటారు. నువ్వు పిల్లినే తిప్పుతాండావు గదే."

సలహాలకు కొదవ లేదు. దుబాయ్‌లో ఉన్న మా చిన్నాన్న కొడుకు ఎమిరేట్స్‌లో రమ్మన్నాడు. వాళ్ల క్యాబిన్‌లోకి కుక్కనీ పిల్లినీ రానివ్వరు. డేగలకు మాత్రం, అదీ పాకిస్తాన్‌లో కొన్ని ఊళ్లకు, అనుమతి ఉంది. డేగ సీట్లో కూర్చోవచ్చు, మా బొరుగు కూర్చోకూడదు! ఇంకొకరు లండన్ మీదుగా పొమ్మన్నారు. బ్రిటన్‌కు విమానంలో వచ్చే పెంపుడు జంతువు కార్గోలోనే దిగాలి. అమెరికాలో ఉన్న స్నేహితురాలైతే పిల్లి కాబట్టి నువ్వు అదృష్టవంతురాలివంది. వాళ్ల ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఆ ఆగస్టు 1 నుంచే కుక్కల నిబంధనలు బాగా బిగించింది. మన దేశం నుంచి వచ్చే కుక్కకు పెద్ద తతంగమే ఉంది. పిల్లికి అదే సీడీసీ రేబిస్ టీకా కాగితం కూడా అడగదట. నేను పోయేది అమెరికా కాదు కదా, దాని అదృష్టం నాకేం పనికొస్తుంది?

చివరికి బెంగళూరు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా పోయే లుఫ్తాన్సా ఖాయం చేసుకున్నాం. ముందే చెప్పి పిల్లికి కూడా చోటు రాయించుకోవాలి. ఒక్కో విమానంలో కొన్నింటికి మించి ఒప్పుకోరు. మెత్తటి సంచి అయితే 55 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 23 ఎత్తు దాటకూడదు. పిల్లి, సంచి కలిపి ఎనిమిది కిలోలు.

ఎనిమిది కిలోలు! నాయన స్నేహితుడికి పాతూరులో చెనిక్కాయల అంగడి ఉంది. అక్కడి కాటా మీద సంచీతో సహా పెట్టి చూశాం. 8 కిలోల 300 గ్రాములు. అంగడాయన "చెనిక్కాయలైతే ఒక గుప్పెడు తీసేద్దుము, దీంట్లో ఏం తీసేదప్పా" అన్నాడు. ఆ రోజే ఇంట్లో చట్టం చేశాను. పొద్దున పాలు బంద్, పెరుగన్నం బంద్, రెండు పూటలా కొలిచిన పిల్లి మేత గింజలే. అమ్మ తల ఊపింది. నాయన ఊపలేదు గానీ ఎదురు చెప్పలేదు. వారం వారం తూస్తే యాభై గ్రాములు తగ్గేది, ఒక్కోసారి అదీ లేదు. ఇంత తక్కువ తింటూ ఎందుకు తగ్గదో అంతుబట్టేది కాదు. నవంబర్ ఆఖరుకు ఎట్లాగో 7 కిలోల 700 దగ్గర ఆగింది.

సంచి అలవాటు చేయడం మాత్రం అనుకున్నంత కష్టం కాలేదు. హాల్లో నోరు తెరిచి పడేసి, అన్నం గిన్నె అందులోనే పెట్టేదాన్ని. పది రోజులకు అదే దాని పడకగది. తర్వాత కారులో రాప్తాడు దాకా, ఇంకో ఆదివారం పెనుకొండ దాకా తిప్పాం. రాప్తాడు వచ్చేదాకా గొంతు చించుకుని అరిచేది, తర్వాత నిద్రపోయేది. ప్రతిసారీ సరిగ్గా అంతే. విమానంలో కూడా రాప్తాడు వచ్చేదాకా ఓర్చుకుంటే చాలని నవ్వుకున్నాం. మత్తు మందు ఇవ్వమని చాలామంది చెప్పారు. వద్దన్నది బెంగళూరు డాక్టరు. పైన గాలి ఒత్తిడి మారేచోట మత్తులో ఉన్న జంతువుకు ఊపిరి, గుండె ఇబ్బంది పెడితే చేసేదేమీ ఉండదని చెప్పాడు.

డిసెంబర్ 6తో మూడు నెలలు నిండాయి. 9న బెంగళూరులోని యానిమల్ క్వారంటైన్ కార్యాలయానికి వెళ్లాం. పెంపుడు జంతువు దేశం దాటాలంటే కేంద్ర ప్రభుత్వపు ఈ కార్యాలయం ఆరోగ్య ధ్రువపత్రం ఇవ్వాలి. ఐరోపా నమూనాలో ఉండే ఆ పత్రానికి, ఇచ్చిన రోజు నుంచి అక్కడ దిగేదాకా పది రోజులే గడువు. ముందే తెచ్చి బీరువాలో పెట్టుకునేది కాదు. అధికారి రీడరుతో చిప్ చదివాడు, కళ్లు, చెవులు, చర్మం చూశాడు, కాగితాలన్నీ ఒకటికి రెండుసార్లు తిప్పాడు. బొరుగు ఆయన బల్ల మీద కూర్చుని ఆయన పెన్నునే చూస్తూ ఉంది. ఆ పత్రంతో అది అధికారికంగా ఎగుమతి అయ్యే సరుకైంది.

11వ తేదీ సాయంత్రం ఆరింటికి అనంతపురం వదిలాం. విమానం తెల్లవారుజామున. విమానాశ్రయం దేవనహళ్లి దగ్గర, ఊరికి ఇవతలే ఉండటం మా జిల్లావాళ్లకు పెద్ద సుఖం, బెంగళూరు ట్రాఫిక్ ముఖం చూడక్కర్లేదు. మధ్యాహ్నం నుంచి బొరుగుకు తిండి పెట్టలేదు. రాప్తాడు దాటగానే అలవాటు ప్రకారం నోరు మూసింది. కియా ఫ్యాక్టరీ దీపాలు, పెనుకొండ కొండ నీడ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి... నాయన ఒక్క మాట మాట్లాడకుండా నడిపాడు. చిక్కబళ్లాపురంలో టీ తాగుతూ మాత్రం, "చలికి తట్టుకుంటాదా?" అన్నాడు. నా గురించో దాని గురించో నేను అడగలేదు.

కౌంటర్‌లో నలభై నిమిషాలు పట్టింది. నా పాస్‌పోర్టు అర నిమిషంలో చూశారు, మిగతా సమయమంతా దాని ఫైలే. కాటా మీద 7.6 చూపిస్తే నేను అంత గట్టిగా "హమ్మయ్య" అన్నానని తర్వాత గానీ తెలియలేదు.

నాకు భయమున్నది సెక్యూరిటీ దగ్గర. ఖాళీ సంచి ఎక్స్‌రేలోకి పోవాలి, పిల్లిని చేతుల్లో ఎత్తుకుని మనం మెటల్ డిటెక్టర్ దాటాలి. ఆ చప్పుడులో, ఆ జనంలో అది జారిందంటే ఇక ఎయిర్‌పోర్టు పైకప్పులోనే కాపురం. అందుకే ముందు నుంచే గుడ్డ పట్టీ తొడిగి, తాడు నా మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాను. అది పారిపోలేదు సరికదా, నాలుగు కాళ్ల గోళ్లూ నా భుజంలో దింపి ముఖం నా చంకలో దాచుకుంది. తనిఖీ చేసే ఆవిడ కన్నడంలో "బెక్కా?" అని నవ్వి, పేరు అడిగింది. చెప్పి, బొరుగంటే మీ మండక్కి అన్నాను. ఆమె పక్కనున్నావిడను పిలిచి మరీ చూపించింది. నా వెనక వరుసలో ఒకాయన మాత్రం పిల్లి ఎదురొచ్చిందని గొణిగాడు. ఎదురు రాలేదండీ, ముందు పోతోంది అనాలనిపించింది. అనలేదు.

విమానంలో పది గంటల గురించి చెప్పడానికి దాదాపు ఏమీ లేదు. సంచి ముందు సీటు కింద, జిప్పు వేసే ఉంచాలి, బయటికి తీయకూడదు. పైకి లేచేటప్పుడు నాలుగైదు అరుపులు అరిచింది. ఇంజన్ హోరులో అవి నాకే వినపడ్డాయి. తర్వాత పడుకుంది. గంటకోసారి వేలు జాలీకి ఆనిస్తే ముక్కు ఆనించేది. పక్క సీటు పెద్దాయనకు ఆరు గంటల పాటు అక్కడ పిల్లి ఉన్నట్టే తెలియదు. అది తుమ్మినప్పుడు నాకు "గాడ్ బ్లెస్ యూ" చెప్పాడు. ఒకసారి బాత్రూంలోకి తీసుకెళ్లి నేల మీద ప్యాడ్ పరిచి బతిమాలాను. నన్ను ఎగాదిగా చూసి మళ్లీ సంచిలోకి దూరింది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎనిమిదిన్నర. బయట అప్పుడే తెల్లారింది. ప్రకటించాల్సిన వస్తువు ఉన్నవాళ్లు పోయే ఎర్ర దారిలో కస్టమ్స్ దగ్గరికి వెళ్లాను. ఎక్కువమంది ఆకుపచ్చ దారిలో దర్జాగా పోతుంటే నేనొక్కదాన్నే దొంగలా అనిపించింది. అధికారి జాలీ లోపలికి రీడరు చూపించాడు. బీప్ అంది. 15 అంకెలూ వేలు పెట్టి సరిచూశాడు. తర్వాత చిప్ పెట్టిన తేదీ మీద ఒక వేలు, టీకా తేదీ మీద ఇంకో వేలు పెట్టి కాసేపు అట్లాగే ఉన్నాడు. జూన్ కార్డు నమ్ముకుని వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆ రెండు వేళ్ల మధ్య కనపడింది. తిప్పి పంపొచ్చు, మన ఖర్చుతో క్వారంటైన్‌లో పెట్టొచ్చు. నాలుగు నెలల మా బతుకు చదవడానికి ఆయనకు ఐదు నిమిషాలు పట్టింది. కాగితాలు మడిచి ఇచ్చి, సంచి వైపు చూసి ఏదో జర్మన్‌లో అన్నాడు. గొంతు బట్టి మంచి మాటే అనుకుంటా.

మా ఆయన బయట పూలు పట్టుకుని నిలబడ్డాడు. ఇంకో చేతిలో పిల్లి మట్టి సంచి. రైల్లో దానికి టికెట్ అడగరు. సంచిలో పట్టే చిన్న జంతువులకు జర్మన్ రైళ్లలో ప్రయాణం ఉచితం. స్టుట్‌గార్ట్ ఇంట్లో దిగి మట్టి పెట్టె పెట్టగానే ఎంతసేపు ఆపుకుందో తెలిసింది. ఆ తర్వాత మంచం కిందికి దూరి సాయంత్రం దాకా రాలేదు.

రాత్రి ఒకటిన్నరకు అరుపు. మామూలు అరుపు కాదు, వంటింటి గడప మీద కూర్చుని, మెడ చాచి, ఆగకుండా. నొప్పేమో, జబ్బేమో, చలేమో అని నాకు చెమటలు పట్టాయి. నీళ్లు పెట్టాను, గింజలు పెట్టాను. గిన్నె వైపు చూడదు. అమ్మకు వీడియో కాల్ చేశాను. మన దగ్గర అప్పుడు పొద్దున ఆరు. ఫోన్‌లో అమ్మ గొంతు విని బొరుగు ఇంకా గట్టిగా అందుకుంది. అమ్మ కంగారు పడలేదు. నాయన వైపు ఒకసారి, పొయ్యి మీద కాగుతున్న గిన్నె వైపు ఒకసారి చూసి, కాస్త గొంతు తగ్గించి చెప్పింది.

"ఆరైంది గదా పాపా. పాలు పొయ్యి."