ఓరి ఆట డైరీ: జిన్సో చెట్టు నుంచి హోరు కొండ దాకా

ఓరి అండ్ ద బ్లైండ్ ఫారెస్ట్ అనే వీడియో ఆటలో ప్రస్తుతం సారో పాస్ దాటి మౌంట్ హోరు దగ్గరకు వచ్చాను. చచ్చిపోతున్న అడవిని మళ్లీ బతికించడమే ఇందులో మన పని: నీళ్లు తిరిగొచ్చాయి, గాలి తిరిగొచ్చింది, వెచ్చదనం ఒక్కటే మిగిలింది. ఇక్కడిదాకా ఆడుతూ రాసుకున్న నోట్సు ఇది. ఆట కొనాలా వద్దా అని చూస్తున్నవాళ్లకీ, జిన్సో చెట్టు దగ్గర విసుగొచ్చి వదిలేసినవాళ్లకీ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. కథలో కొన్ని సంగతులు చెప్పక తప్పదు, ముగింపు జోలికి మాత్రం వెళ్లను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మూన్ స్టూడియోస్ అనే సంస్థ చేసిన ఆట, 2015 మార్చిలో ఎక్స్‌బాక్స్ వన్‌కీ, విండోస్‌కీ వచ్చింది. థామస్ మాలర్, గెన్నాడి కొరోల్ ఆ సంస్థ వ్యవస్థాపకులు. సంస్థ ఆస్ట్రియాది అయినా, పనిచేసినవాళ్లు రకరకాల దేశాల్లో ఉండి ఆన్‌లైన్‌లోనే కలిసి పనిచేశారు. 2016లో డెఫినిటివ్ ఎడిషన్, 2019లో నింటెండో స్విచ్‌కి కూడా వచ్చాయి. నేను ఆడుతున్నది డెఫినిటివ్ ఎడిషన్, పీసీ మీద. కొనేవాళ్లు కూడా ఇదే కొనండి. స్పిరిట్ వెల్ అనే చోట్ల మధ్య ఒకచోట మాయమై ఇంకోచోట తేలే సౌకర్యం ఇందులోనే ఉంది. మొదటి ఎడిషన్‌లో ప్రతిసారీ అడవంతా కాలినడకన తిరగాలి.

సెట్టింగులు

నా ల్యాప్‌టాప్ పాతది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. రిజల్యూషన్ 720కి తగ్గించాక ఆట నిలకడగా నడుస్తోంది. ఈ ఆటలో బొమ్మ పదును కాస్త తగ్గినా ఫర్వాలేదు కానీ వేగం తడబడకూడదు. గెంతు ఒక క్షణం ఆలస్యమైతే ముళ్ల మీద పడతాం. బ్రౌజర్ మూసేసి, బ్యాటరీ మీద కాకుండా చార్జర్ పెట్టి ఆడితే తేడా బాగా తెలిసింది.

కంట్రోలర్‌తోనూ, కీబోర్డు మౌస్‌తోనూ రెండు రకాలుగా ఆడి చూశాను. మామూలు పరుగుకి, గెంతులకి కంట్రోలర్ హాయిగా ఉంది. కానీ బాష్ అనే శక్తి వచ్చాక మౌస్‌కి మారిపోయాను, కారణం కింద చెప్తాను. సౌండ్ విషయంలో ఒకే మాట: హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. గారెత్ కోకర్ సంగీతం చోటుని బట్టి, సన్నివేశాన్ని బట్టి మారుతూ ఉంటుంది. ల్యాప్‌టాప్ స్పీకర్లలో అందులో సగం వినపడదు.

సంకెన్ గ్లేడ్స్: ఆట మొదలయ్యే చోటు

మొదటి పది నిమిషాలు ఆటకంటే సినిమాలా సాగుతాయి. తుఫాను రాత్రి స్పిరిట్ ట్రీ అనే మాయచెట్టు నుంచి రాలిన ఓరిని, అంటే మనం ఆడించే చిన్న తెల్లటి జీవిని, నారు అనే పెద్ద జీవి దగ్గరకు తీసి పెంచుతుంది. ఇద్దరూ పండ్లు ఏరుకుంటారు, వాగు మీద వంతెన కట్టుకుంటారు. తర్వాత అడవి ఎండిపోయి తిండి కరువవుతుంది. మా అక్క కూతురు పక్కన కూర్చుని చూసింది. ఇంగ్లీషు ఇంకా గబగబా చదవలేదు, అయినా "పిన్నీ, నారు తన పండు తినకుండా దానికే ఇచ్చేసింది" అని నాకే చెప్పింది. మధ్యలో వచ్చే కథనం కూడా ఎవరికీ తెలియని కల్పిత భాషలో ఉంటుంది, కింద అక్షరాలు పడతాయి. తెలుగు అక్షరాలు లేవు, కానీ అవసరం పెద్దగా పడదు. పిల్లలతో కూర్చుని చూడదగ్గ ఆట. నారు విషయంలో చిన్నపిల్లలు ఏడుస్తారు, అది దృష్టిలో పెట్టుకోండి.

ఇక బొమ్మల గురించి. ఈ అడవిని చేత్తో గీసి రంగులేశారు. ముందు వరసలో ఆకులు, ఓరి నడిచే నేల, వెనక చెట్లు, ఆ వెనక పొగమంచు, ఇంకా వెనక వెలుతురు, ఇవన్నీ వేరువేరు వేగాలతో కదులుతాయి. అందుకే చదునైన ఆటలోనూ లోతు కనిపిస్తుంది. ఓరి తెల్లగా మెరుస్తూ ఉంటుంది కాబట్టి ఎంత రద్దీ బొమ్మలోనైనా దాన్ని కన్ను వదలదు. 2015 గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఆర్ట్ డైరెక్షన్ బహుమతి దీనికే వచ్చింది, రావాల్సిందే.

ఈ అందంలోనే మొదటి చిరాకు కూడా ఉంది. ఓరి కనిపించినంత స్పష్టంగా ప్రమాదం కనిపించదు. ముందు వరసలో నల్లటి కొమ్మ ఉంటుంది, అది అలంకారం. దాని వెనక నల్లటి ముళ్లకొమ్మ ఉంటుంది, తగిలితే ప్రాణం పోతుంది. శత్రువు పేలినప్పుడు వచ్చే వెలుగు, నేల మీద చెదిరే, మనం ఏరుకునే స్పిరిట్ లైట్ గుళ్లు, మనవైపు వచ్చే తూటా అన్నీ ఒకే మెరుపులో కలిసిపోతాయి. బ్రైట్‌నెస్ తగ్గిస్తే కొంచెం నయం. నా పద్ధతి ఏంటంటే, కొత్త చోటుకి రాగానే శత్రువుల్ని దూరం నుంచే చంపేసి, వెలుగు అణిగాకే కదలడం.

సోల్ లింక్

ఈ ఆటలో నాకు అన్నింటికంటే నచ్చిన ఆలోచన ఇది. సేవ్ చేసే చోటుని ఆట నిర్ణయించదు, మనమే నిర్ణయించుకుంటాం. బటన్ నొక్కి పట్టుకుంటే ఓరి నిలబడ్డ చోట చిన్న వెలుగు నాటుకుంటుంది. చచ్చిపోతే అక్కడి నుంచే మళ్లీ మొదలు. దానికి ఒక ఎనర్జీ సెల్ ఖర్చవుతుంది. అదే ఎనర్జీ చార్జ్ ఫ్లేమ్ దాడికీ కావాలి, కొన్ని తలుపులు తెరవడానికీ కావాలి. కాబట్టి ప్రతి అడుగులో ఒక లెక్క ఉంటుంది: ఇప్పుడు సేవ్ చేసుకుంటే ముందున్న గోడ పగలగొట్టడానికి మిగులుతుందా? శత్రువు దగ్గర్లో ఉంటే లింక్ పడదు, కదిలే నేల మీదా పడదు. వెంటవెంటనే పెట్టలేం, కాస్త ఆగాలి.

నేను పాటిస్తున్నవి ఇవి. ఎప్పుడూ ఒక ఎనర్జీ మిగిల్చి ఉంచుతాను. ప్రాణం నింపుకున్నాకే లింక్ పెడతాను. తెలియని గెంతుకి ముందు తప్పకుండా పెడతాను, కష్టమైన చోటు దాటాక ఊపిరి పీల్చుకునే ముందే ఇంకోటి పెడతాను. కొత్త శక్తులు తీసుకోవడానికి వాడే ఎబిలిటీ పాయింట్లను మొదట లింక్‌ని బలపరిచే కొమ్మలో వేశాను. రీగ్రూప్ అనేది తీసుకుంటే లింక్ పెట్టిన ప్రతిసారీ కొంచెం ప్రాణం కూడా తిరిగొస్తుంది. దాడి కొమ్మ ఆలస్యంగా నింపినా నష్టం లేదు, ఎందుకంటే ఈ ఆటలో పోరాటం పలచగా ఉంది. సైన్ అనే వెలుగు గుండు తనంతట తనే గురిపెడుతుంది, మనం బటన్ నొక్కుతూ ఉండాలి, అంతే. మొదట్లో ఎలా ఉందో సారో పాస్‌లోనూ దాదాపు అలాగే ఉంది. ఇంత ఆలోచన పెట్టినవాళ్లు దీన్ని ఎందుకు వదిలేశారో అనిపిస్తుంది. 2020లో వచ్చిన రెండో భాగంలో పోరాటాన్ని పూర్తిగా మార్చేశారు. కానీ అందులో సోల్ లింక్ తీసేసి, ఆటే సేవ్ చేసుకునేలా పెట్టారు. నాకది ఇష్టం లేదు. లింక్ ఎక్కడ పెట్టాలన్న టెన్షనే నాకు ఈ ఆటను దగ్గర చేసింది.

జిన్సో చెట్టు

గూమో అనే జీవి ఎత్తుకుపోయిన వాటర్ వెయిన్ అనే తాళంచెవి తిరిగి తెచ్చుకున్నాక ఈ చెట్టు తలుపు తెరుచుకుంటుంది. లోపలే బాష్ వస్తుంది. శత్రువునో, తూటానో, వేలాడే లాంతరునో పట్టుకుంటే కాలం ఒక్క క్షణం ఆగుతుంది, బాణం గుర్తు కనిపిస్తుంది, దిక్కు చూపించి వదిలితే ఓరి అటు ఎగురుతుంది, పట్టుకున్నది ఎదురుదిక్కుకి పోతుంది. మన మీదకి వచ్చే తూటా మనకి మెట్టు అవుతుంది. దాన్నే తిప్పి గోడ పగలగొట్టొచ్చు, ఇంకో శత్రువుని చంపొచ్చు. ఈ ఒక్క శక్తితో అడవిలో ప్రమాదాలన్నీ దారులుగా మారిపోతాయి. నేను ఆడిన ప్లాట్‌ఫామ్ ఆటల్లో ఇంతకంటే మంచి కదలిక చూడలేదు. దిక్కు చూపించడంలో మౌస్ చాలా కచ్చితంగా ఉంటుంది, కంట్రోలర్ స్టిక్‌తో నాకు బాణం పక్కకి జారేది.

నీటి మూలాన్ని బాగుచేయగానే కింద నుంచి వరద లేస్తుంది. చెట్టు లోపల పైకి, పైపైకి పారిపోవాలి. సంగీతం లేస్తుంది, నీళ్లు మడమలను అందుకుంటుంటాయి, లాంతర్ల నుంచి శత్రువుల మీదకి, శత్రువుల నుంచి గోడల మీదకి ఎగురుతూ పోవాలి. సరిగ్గా వచ్చినప్పుడు ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ మధ్యలో ఒక్క సేవ్ కూడా లేదు. చివరి గెంతు తప్పినా మళ్లీ అడుగు నుంచే.

నా అభ్యంతరం కష్టం గురించి కాదు. అంతదాకా ఆట నాకు ఒక పాఠం నేర్పింది: నీ సేవ్ నీ చేతిలో ఉంది, చూసుకుని అడుగు వెయ్యి. సరిగ్గా ఇక్కడికొచ్చాక ఆ అధికారాన్ని లాగేసుకుంది. పైగా ముందేముందో కనిపించేలోపే నిర్ణయం అయిపోవాలి. కాబట్టి చావడం ద్వారానే దారి తెలుస్తుంది. ఇంకో బాధ, ఆ చెట్టు లోపలి భాగం ఎంత బాగా గీశారో, వరద మొదలయ్యాక అందులో ఒక్క ఆకు కూడా చూడలేం. సగంలో ఒకే ఒక్క సేవ్ ఇచ్చి ఉంటే ఊపు తగ్గేది కాదు, ఇక్కడ ఆగిపోయినవాళ్లలో చాలామంది ముందుకు వచ్చేవాళ్లు.

దాటడానికి నాకు పనికొచ్చినవి చెప్తాను. నీళ్ల వైపు చూడటం మానేయాలి, కన్ను ఎప్పుడూ ఓరి పైన ఉన్న ఖాళీ మీదే ఉండాలి. దారిని నాలుగైదు ముక్కలుగా విడదీసుకుని, ముక్క ముక్కకీ చేయాల్సింది పైకే అనుకుంటూ ఆడాను: "రెండు లాంతర్లు, ఎడమ గోడ, పురుగు, కుడికి". బాష్ పట్టుకున్నప్పుడు దొరికే ఆ క్షణాన్ని పూర్తిగా వాడుకోవాలి, కంగారుగా వదలకూడదు, దిక్కు సరిచూసుకోవడానికీ తర్వాతి మెట్టు వెతుక్కోవడానికీ అదే సమయం. గోడ మీద అనవసరంగా ఒక్క గెంతు కూడా వేయొద్దు. చేతులు బిగుసుకుపోతే ఆపేసి, కాసేపయ్యాక కూర్చుంటే మొదటి రెండు మూడు ప్రయత్నాల్లోనే ముందుకంటే పైకి వెళ్లగలిగాను. అప్పటికీ కష్టమైతే ఈజీ మోడ్‌లో మొదలుపెట్టడంలో తప్పేం లేదు, అది కూడా డెఫినిటివ్ ఎడిషన్‌లో చేర్చిందే.

నీళ్లు, గాలి వచ్చాక

బయటికొచ్చాక తెలుస్తుంది ఇది ప్రకృతి పేరు పెట్టుకున్న ఆట మాత్రమే కాదని. అంతకుముందు తాకితే ప్రాణం తీసే మురికి నీళ్లు ఇప్పుడు తేటపడ్డాయి, ఈత కొట్టొచ్చు. పాత దారుల్లో నీళ్ల కింద కొత్త గదులు తెరుచుకున్నాయి. తర్వాత గాలి తిరిగొచ్చినప్పుడు కూడా అంతే. కురో అనే పెద్ద గుడ్లగూబ ఈకని పట్టుకుని జారడమే తెలిసిన ఓరి, ఇప్పుడు లేచే గాలి మీద పైకి తేలుతుంది. అడవి కోలుకున్న ప్రతిసారీ మనం వెళ్లగలిగే చోట్లు పెరుగుతాయి. పర్యావరణం గురించి ఒక్క ఉపన్యాసం లేకుండా ఆ మాటని చేతికి తెలిసేలా చెప్పారు.

ఆ ఈక సంపాదించే చోటు మాత్రం నాకు నచ్చలేదు. కురో పైనుంచి చూస్తుంటుంది, చాటు నుంచి చాటుకి దాక్కుంటూ పోవాలి. కనిపిస్తే ఒక్క దెబ్బకే అయిపోతుంది. చాటు ఎంతవరకు దాస్తుందో బొమ్మ చూసి చెప్పలేం. అందమైన పొదలో సగం తోక బయటున్నా కొన్నిసార్లు వదిలేస్తుంది, కొన్నిసార్లు వదలదు. అయితే కురో మీద కోపం నిలవదు. స్పిరిట్ ట్రీ వెలిగించిన వెలుగులో దాని పిల్లలు చచ్చిపోయాయి. ఇంకా పొదగని ఒక్క గుడ్డు మిగిలింది. దానికి ఆ వెలుగంటే ఎందుకు అంత పగో ఒక్క మాట లేకుండా అర్థమవుతుంది.

మిస్టీ వుడ్స్‌లో మనం అటు తిరిగి ఇటు వచ్చేసరికి దారి మారిపోతుంది. మ్యాప్ పక్కన పెట్టి, వెలుతురు ఎటుంటే అటు పోవడం మేలు. ఫర్‌లార్న్ రూయిన్స్‌లో వెలుగు గోళాన్ని మోస్తూ గోడల మీదా కప్పు మీదా నడవడం ఉంది, బుర్రకి మంచి పని. అక్కడి పరుగు జిన్సో కంటే తేలిగ్గా అనిపించింది. సారో పాస్‌లో బలం కూడగట్టుకుని దూసుకెళ్లే చార్జ్ జంప్ వచ్చాక, గోడ పట్టుకుని అడ్డంగా దూసుకెళ్లడం అలవాటయ్యేదాకా ముళ్ల మధ్య చాలా లింకులు ఖర్చయ్యాయి. అక్కడ ఎనర్జీ పొదుపు చేయొద్దు.

ఇక ముందు

హోరు కొండలోకి వెళ్లకుండా వెనక్కి తిరిగాను. డెఫినిటివ్ ఎడిషన్‌లో చేర్చిన బ్లాక్ రూట్ బర్రోస్ నేను ఇంకా పూర్తి చేయలేదు. చీకటి గుహలు, వెలుగుని వెంట మోసుకెళ్తూ ఆడాలి. ఒక్కసారిగా ముందుకు దూసుకెళ్లే డాష్ అక్కడే దొరికింది. దాని లోపలున్న లాస్ట్ గ్రోవ్‌లో నారు చిన్నప్పటి కథ ఉంది, అక్క కూతురు సెలవులకి వచ్చినప్పుడే ఆ భాగం ఆడాలని ఒప్పందం. అక్కడ అయ్యాక మ్యాప్ మీద గుర్తులు చూపించే ఎబిలిటీలతో మిగిలిన ఎనర్జీ సెల్స్, లైఫ్ సెల్స్ ఏరుకుంటాను. ట్రిపుల్ జంప్‌కి పాయింట్లు ఇంకొన్ని కావాలి, అది చేతికొచ్చాకే హోరులోకి అడుగు. అక్కడ మూడో పరుగు ఉందని తెలుసు, ఈసారి నిప్పుతో. ఆ నోట్సు విడిగా రాస్తాను.