రెండోసారి నవ్వు రాలేదు

పదకొండున్నర అయింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు మాత్రం మధ్యాహ్నం చూసిన సినిమా మీద కోపం తగ్గడం లేదు.

చిన్నాడి పోరు పడలేక వెళ్లాం. ముషీరాబాద్‌లో మెట్రో ఎక్కితే ఒక్క స్టేషనే కదా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, అత్తయ్య కూడా వస్తానన్నారు. సినిమా పేరు రాయను. నలుగురు స్నేహితులు, ఒక దయ్యం, డబ్బున్న బ్యాగు. డబుల్ మీనింగ్ డైలాగు వచ్చినప్పుడల్లా అత్తయ్య ఒళ్లోని పాప్‌కార్న్ వైపు చూసుకుంటూ కూర్చున్నారు. పంచ్ వేసేముందు ఒక్క క్షణం ఆగాలి. ఈ హీరో వేసేశాక ఆగుతాడు, మనం నవ్వామా లేదా అని. మిగతావాళ్లు అరుపులే. వాచ్‌మన్ వేషం వేసినాయన ఒక్కడే నచ్చాడు. దయ్యం ఎదురొస్తే పారిపోకుండా రిజిస్టర్‌లో సంతకం పెట్టమంటాడు. హాలంతా ఘొల్లుమంది.

నన్ను వదలనిది హీరో పిన్నిగా వేసినావిడ. కాస్త ఒళ్లున్న మనిషి. ఆవిడ వచ్చినప్పుడల్లా వెనకాల ఏనుగు ఘీంకారం. కూర్చుంటే కుర్చీ విరుగుతుంది, మూడుసార్లు. హీరో ఆవిడ లావు మీద ఏదో అంటాడు. అతని భుజం వెనక ఆవిడ ముఖం మసగ్గా కనిపించింది. కొంగుతో పై పెదవి మీద చెమట అద్దుకుని, అప్పుడు నవ్వింది. నటనో నిజమో తెలియలేదు. ‘కామెడీని కామెడీలా చూడవే’ అన్నారు ఈయన మెట్రోలో. దిగేదాకా మాట్లాడలేదు నేను.

పాత సినిమాల్లో ఇలా ఉండేది కాదు అని రాద్దామనే లాప్‌టాప్ తెరిచాను. 1987లో జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్లంట’. పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు పైన కోడిని వేలాడదీసుకుని, దాన్నే చూస్తూ ఉత్తన్నం తింటాడు. చిక్కడపల్లిలో అద్దెకున్నప్పుడు నాన్న ఆ సీను దించేసేవాడు. కూర లేని రాత్రి మజ్జిగన్నం కలుపుకుని, ఫ్యాన్ కొక్కెం వైపు చూసి గుటకలు వేసేవాడు. మేమూ తలెత్తి, పడీ పడీ నవ్వుకుంటూ ముద్దలు మింగేవాళ్లం. కోట గారు పోయిన రోజు, 2025 జులైలో, అమ్మ ఫోన్ చేసి చెప్పింది: నాన్న కోడిని చూపించినవన్నీ నెలాఖరు రాత్రులేనట.

కానీ రాస్తుంటే గుర్తొచ్చింది. అందులో లక్ష్మీపతి దగ్గర పనిచేసే బ్రహ్మానందం పాత్ర పేరే అరగుండు. అది ఆకారాన్ని వెక్కిరించడం కాదా? దానికి నవ్వలేదా నేను? ఈ రోజు కూడా మొదటిసారి ఏనుగు అరుపుకి నేను నవ్వాను. రెండోసారే రాలేదు.

అయినా తేడా ఉంది. అరగుండు చాటుగా లక్ష్మీపతికి శాపనార్థాలు పెడతాడు. పడ్డవాడికీ నోరిచ్చారు. ఈ పిన్నికి తిరిగి అనడానికి ఒక్క మాట రాయలేదు. అంత బాగా చేయగల మనిషికి కుర్చీ విరగ్గొట్టే పని తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. నా కోపం తారాగణం మీద కాదు, రాసినవాళ్ల మీద.

రాత్రి భోజనాల దగ్గర అత్తయ్య కుర్చీ లాక్కుని కూర్చోబోతుంటే చిన్నాడు ఏనుగులా అరిచాడు. అత్తయ్య నవ్వేశారు. పెరుగన్నం మాత్రం వద్దన్నారు. గిన్నె అలాగే ఫ్రిజ్‌లో పెట్టాను.