నాన్న తొలి పాస్‌పోర్ట్

మంగళవారం, చెన్నై

ఈరోజు నాన్నకి పాస్‌పోర్ట్ అప్లై చేసి వచ్చాం. డెబ్బై దాటాక ఇదే మొదటిది. ఆ వయసులో పిల్లల దగ్గరికి వెళ్లడానికి పాస్‌పోర్ట్ తీసుకునేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. టెస్టు మ్యాచ్ చూడటానికి తీసుకున్నవాళ్లు మాత్రం నాకు తెలిసి ఎవరూ లేరు. తమ్ముడు మెల్‌బోర్న్ నుంచి ఏళ్ల తరబడి పిలుస్తుంటే "చూద్దాంలేరా" అంటూ వచ్చిన మనిషి, ఆ మధ్య ఒక రాత్రి అన్నం తింటూ తనంతట తానే అడిగాడు: "అమ్మణ్ణీ, మనవాళ్లు ఈసారి శ్రీలంకలోని గాలెలో ఆడేటప్పుడు పోయి చూసొద్దామా?"

నాన్న తనకోసం ఏదైనా అడగడం చాలా అరుదు. ఆ రాత్రే అప్లికేషన్ నింపడం మొదలుపెట్టాను.

అపాయింట్‌మెంట్ సాలిగ్రామంలో. నాన్న ఆరింటికే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితాల ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆధార్, పెరంబూర్ కోచ్ ఫ్యాక్టరీ వాళ్ల పెన్షన్ ఆర్డర్, బ్యాంకు పాస్‌బుక్, అన్నిటికీ రెండేసి జిరాక్సులు. లోపల ఎ, బి, సి అని మూడు దశలు. మొదటి దగ్గర ఫొటో, వేలిముద్రలు. వేలిముద్రలు ఒక పట్టాన పడలేదు. ఇన్నేళ్లు ఇనుముతో పనిచేసిన చేతులు, గీతలు అరిగిపోయాయి. ఆ అమ్మాయి ఓపిగ్గా తడిగుడ్డ ఇచ్చి, తుడిపించి, మళ్లీ మళ్లీ పెట్టించింది.

చివరి కౌంటర్‌లో అధికారి ఏ దేశం వెళ్తున్నారని తమిళంలో అడిగాడు. "శ్రీలంక సార్, కిరికెట్ పాక్క పోరేన్" (క్రికెట్ చూడటానికి పోతున్నాను) అన్నాడు నాన్న. ఆయన కాగితాల మీంచి తలెత్తి, ఇక్కడి చేపాక్ స్టేడియంలో టై అయిన టెస్టు చూశారా అని అడిగాడు. నాన్న ఒక్క క్షణం ఆగి, "నాలుగు రోజులు చూశాను" అన్నాడు.

ఆ జవాబు వెనక ఎంత ఉందో నాకు తెలుసు. 1986 సెప్టెంబర్, ఆస్ట్రేలియాతో మ్యాచ్. గురువారం మొదలైంది. నాన్న ఎవరెవరితోనో షిఫ్టులు మార్చుకుని ఆదివారం దాకా వెళ్లాడు. ఆ ఎండలో డీన్ జోన్స్ వాంతులు చేసుకుంటూ 210 కొట్టడం కళ్లారా చూశాడు. కపిల్ సెంచరీ చూశాడు. ఆదివారం సాయంత్రానికి ఆస్ట్రేలియా రెండో ఇన్నింగ్స్ 5 వికెట్లకు 170. ఇక డ్రానే అని స్టాండ్‌లో అందరూ అనుకుని ఇళ్లకి వెళ్లారట. సోమవారం నాన్నకి డ్యూటీ. ఆ ఉదయం ఆస్ట్రేలియా కెప్టెన్ అలన్ బోర్డర్ రాత్రి స్కోరు మీదే ఇన్నింగ్స్ ఆపేసి డిక్లేర్ చేశాడు. మనకి లక్ష్యం 348. గవాస్కర్ 90 కొట్టాడు. ఆఖరి ఓవర్లో స్కోర్లు సమమయ్యాక, ఒక్క బంతి మిగిలుండగా గ్రెగ్ మాథ్యూస్ బౌలింగ్‌లో మణీందర్ సింగ్ ఎల్బీడబ్ల్యూ. అవతలి ఎండ్‌లో శాస్త్రి 48 నాటౌట్. 1960లో బ్రిస్బేన్ తర్వాత టెస్టు చరిత్రలో అది రెండో టై. నాన్న అది షెడ్డులో ఎవరిదో ట్రాన్సిస్టర్‌లో విన్నాడు. ఆ తర్వాత ఇంకా రెండు గంటల పని ఉందట. ఆ రెండు గంటలు ఏం చేశాడో ఇప్పటికీ గుర్తు లేదంటాడు.

నేనప్పటికి పుట్టలేదు. కానీ ఈ మాటలు ఎన్నిసార్లు విన్నానంటే, ఆ షెడ్డులో నేనూ ఉన్నాననిపిస్తుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక టికెట్ల మాట వచ్చింది. టెస్టు అంటే పొద్దున పది నుంచి సాయంత్రం దాకా ఎండలో కూర్చోవడం. నాన్నకి షుగరుంది, మోకాళ్ల నొప్పులున్నాయి. రెండో రోజు, మూడో రోజు మాత్రం టికెట్లు తీసుకుందాం, మిగతా రోజులు గదిలో టీవీలో చూడొచ్చు అన్నాను. గాలెలో మ్యాచ్ ఐదో రోజు దాకా వెళ్లకపోవచ్చు కూడా, ఆ పిచ్ మీద బంతి తొందరగానే తిరుగుతుంది కదా అన్నాను. నాన్నకి కోపం రాలేదు గానీ, కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. అంటే సంగతి పూర్తిగా చెప్పబోతున్నాడని అర్థం.

2015 గాలె టెస్టు తీసుకో, అన్నాడు. మొదటి రోజు అశ్విన్ 6 వికెట్లు తీసి లంకని 183కే పడగొట్టాడు. రెండో రోజు ధావన్, కోహ్లి సెంచరీలు. మనకి 192 పరుగుల ఆధిక్యం. "నువ్వు చెప్పినట్టు రెండో రోజుకి పోయినవాడు ఏమనుకుని వచ్చుంటాడు? గెలిచేశాం అనుకుని ఊరికి తిరిగొచ్చుంటాడు." మూడో రోజు లంక 95కి 5 వికెట్లు పోగొట్టుకుంది. అక్కడి నుంచి చండీమల్ ఒక్కడే నిలబడి 162 నాటౌట్. మనకి లక్ష్యం 176 మాత్రమే. నాలుగో రోజు, సరిగ్గా ఆగస్టు 15న, హెరాత్ 48 పరుగులిచ్చి 7 వికెట్లు తీశాడు. మనం 112 ఆలౌట్, 63 పరుగుల తేడాతో ఓటమి. ఆ నాలుగో రోజు మాత్రమే చూసినవాడికి మనవాళ్లు చేతకానివాళ్లలా కనిపిస్తారు. నిజానికి చండీమల్ ఆ ముందురోజు స్వీప్‌లు, రివర్స్ స్వీప్‌లు కొడుతూ మన స్పిన్నర్ల లెంగ్తు చెడగొట్టడంతోనే ఆ ఓటమి మొదలైంది. "మొదటి రోజు పొద్దున పిచ్ ఎట్లా ఉందో చూడకుండా, నాలుగో రోజు బంతి ఎందుకు అంత తిరిగిందో ఏం తెలుస్తుంది? ఒక రోజు చూస్తే స్కోరు తెలుస్తుంది, అంతే. మ్యాచ్ తెలియదు."

నేను ఇంకో మాట అనబోయేలోపు 2010 గుర్తు చేశాడు. అదే గాలెలో రెండో రోజు ఆట మొత్తం వానకి పోయింది. అయినా ఐదో రోజు మురళీధరన్ 800వ వికెట్ తీశాడు, అదీ తన ఆఖరి టెస్టులో. అవుటైంది మన హైదరాబాద్ తరఫున ఆడిన ప్రజ్ఞాన్ ఓఝా, స్లిప్‌లో జయవర్ధనె క్యాచ్. రెండో రోజుకి టికెట్ కొనుక్కున్నవాడు ఆ రోజంతా గొడుగు కింద గడిపి వచ్చేసుంటాడు. మురళి చెన్నై అల్లుడు కాబట్టి మా ఇంట్లో ఆయన వికెట్లకి ఎప్పుడూ కాస్త మినహాయింపు ఉంటుంది. ఆ రోజు మనం ఓడిపోయినా నాన్న టీవీ ముందు లేచి చప్పట్లు కొట్టాడు. 1999లో చేపాక్‌లో పాకిస్తాన్ చేతిలో 12 పరుగులతో ఓడినప్పుడు కూడా అంతే. సచిన్ 136 కొట్టాక కూడా ఓడిపోయామని నేను ఏడుస్తుంటే, స్టేడియమంతా లేచి నిలబడి వాళ్లకి చప్పట్లు కొట్టింది. నాన్న నన్ను భుజం పట్టుకుని లేపి నిలబెట్టాడు. క్రికెట్ గురించి నాకు తెలిసినదాంట్లో ముఖ్యమైనది ఆ సాయంత్రమే తెలిసింది.

సరే, ఐదు రోజులకీ టికెట్లు తీసుకుందామన్నాను. నీడ ఉన్న స్టాండ్ అయితేనే అని నా షరతు. దానికి ఒప్పుకున్నాడు.

లార్డ్స్ కాదు, మెల్‌బోర్న్ కాదు, గాలె ఎందుకని అమ్మ అడిగింది. నాకైతే అడగనక్కర్లేదు. గంటన్నర లోపు విమాన ప్రయాణం, గడియారం మార్చుకునే పని లేదు, అన్నం దొరుకుతుంది, వీసా లాంటి ఈటీఏ అనుమతి ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. కొలంబో నుంచి రైలు సముద్రం పక్కనే గాలె దాకా పోతుంది. జీవితమంతా రైలు పెట్టెలు తయారుచేసిన మనిషిని ఆ రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టాలని నాకుంది. ఇక ఆ మైదానం. ఒకవైపు పోర్చుగీసులు మొదలుపెట్టి డచ్చివాళ్లు పెంచిన కోట, రెండు వైపులా సముద్రం. 2004 సునామీలో ఆ స్టేడియం మొత్తం దెబ్బతింది. మళ్లీ కట్టి, 2007 డిసెంబర్లో ఇంగ్లండ్‌తో టెస్టు ఆడారు. ఆ 2004 డిసెంబర్ 26 ఉదయం అదే సునామీకి మా మెరీనాలో ఎంతమంది పోయారో తలుచుకుంటే, ఆ మైదానం పరాయిదిగా అనిపించదు.

కోట గోడ మీద నిలబడి టికెట్ లేకుండా ఆట చూసేవాళ్లు అక్కడ మామూలే. 2020లో ఒక ఇంగ్లండ్ అభిమాని సిరీస్ చూద్దామని లంక వచ్చాడు. కోవిడ్‌తో సిరీస్ ఆగిపోయింది. అతను ఇంటికి వెళ్లకుండా పది నెలలు అక్కడే ఉండిపోయాడు. 2021 జనవరిలో ఇంగ్లండ్ మళ్లీ వచ్చేసరికి స్టేడియంలోకి ప్రేక్షకుల్ని రానివ్వలేదు. అతను కోట ఎక్కి చూశాడు. జో రూట్ డబుల్ సెంచరీ కొట్టి ఆ గోడ వైపు బ్యాట్ ఎత్తాడు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాన్న గొంతు మారుతుంది. అతను వృథాగా కాలం గడిపాడని మా బంధువుల్లో ఒకరంటే, నాన్న ఆయనతో చాలాసేపు వాదించాడు. నేను నాన్న పక్షమే. పది నెలలు ఒక మ్యాచ్ కోసం ఎదురుచూడగలిగేంత ఇష్టం ఉండటం చిన్న విషయం కాదు.

అమ్మకి ఆట పట్టదు. కానీ గాలె దాకా వచ్చాక లంకలోనే ఉన్న కతిర్‌గామం గుడిలో సుబ్రహ్మణ్యస్వామిని చూడకుండా తిరిగి రానని చెప్పింది. మ్యాచ్ తొందరగా అయిపోతే మిగిలిన రోజుల్లో అక్కడికే. దాంతో నేను భయపడ్డ ఖాళీ రోజుల సమస్య కూడా తీరిపోయింది.

సాయంత్రం కాఫీ తాగుతూ నాన్న కోట రామస్వామి గురించి చెప్పాడు. మద్రాసులో క్రికెట్‌ని పెంచిన బుచ్చిబాబు నాయుడి కొడుకు, మద్రాసు తెలుగువాడు. డేవిస్ కప్‌లో టెన్నిస్ ఆడాడు. తర్వాత 1936లో 40 ఏళ్ల వయసులో ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్లి, మాంచెస్టర్‌లో తొలి టెస్టు ఆడి 40, 60 కొట్టాడు. "ఆయన ఆ వయసులో ఆడటానికి పోయాడు. నేను ఈ వయసులో చూడటానికి పోతున్నాను" అన్నాడు.

రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు 2024 డిసెంబర్ 28న ఆస్ట్రేలియాతో టెస్టుకి మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో ఉన్నాడు. నితీశ్ కుమార్ రెడ్డి 97 దగ్గరుండగా మా చెన్నై కుర్రాడు వాషింగ్టన్ సుందర్ 50కి అవుటవడం, 99 దగ్గరుండగా బుమ్రా డకౌటవడం, సిరాజ్ వచ్చి కమిన్స్ మూడు బంతుల్ని అడ్డుకోవడం, అప్పుడు బోలాండ్ బంతి మిడాన్ మీదుగా ఫోర్ పోయి నితీశ్ సెంచరీ పూర్తవడం ఇప్పటికీ నిన్న చూసినట్టు చెబుతాడు. స్టాండ్‌లో నితీశ్ తండ్రి ఏడవడం పెద్ద తెర మీద చూసి, చుట్టుపక్కల తెలుగు రానివాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారట. ఆ మ్యాచ్ మనం 184 పరుగులతో ఓడాం, అయినా వాడికి ఆ రోజు చాలు. నాన్న మాత్రం ఆఖరి రోజు టీ తర్వాత వికెట్లు ఎలా పడ్డాయో చూశావా అని మళ్లీ అడిగాడు. ఆ రోజు ఆఫీసుకి వెళ్లానన్నాడు వాడు.

గాలెకి తనూ వస్తానన్నాడు. లీవు తక్కువుంది, మూడో రోజుకి అందుకుంటానన్నాడు. నాన్న ఫోన్ నా చేతిలోంచి తీసుకున్నాడు.

"టాస్ వేసేటప్పటికి గ్రౌండ్‌లో ఉండాలి నాయనా. లీవు ఇప్పటి నుంచే అడగడం మొదలుపెట్టు."