కాళ్ళూ చేతులూ ఆడుతూనే వచ్చిన పక్షవాతం

పక్షవాతం అంటే చెయ్యో కాలో పడిపోవాలి, మూతి వంకరపోవాలి. నాకు రెండూ జరగలేదు.

విజయవాడలో మాది కర్రీ పాయింట్. పొద్దున్నే ఉల్లిపాయలు తరుగుతుంటే కళ్ళు తిరిగి, వాంతులు పట్టుకున్నాయి. లేచి నిలబడితే ఎడమవైపుకి ఒరిగిపోతున్నాను. ఎడమ చెంప మొద్దుబారింది, గొంతు బొంగురుపోయింది. దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో చెయ్యి గట్టిగా నొక్కమన్నారు, నొక్కాను. సీటీ స్కాన్‌లో ఏమీ కనిపించలేదు. చెవి లోపల తేడా అని మాత్రలిచ్చి పంపేశారు.

రాత్రి మంచినీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేశాయి. ఎవరికైనా పొలమారితే మా అత్తగారు నెత్తిమీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నార్లే" అంటారు. ఆ రాత్రి తట్టీ తట్టీ ఆవిడే అలిసిపోయారు. ఉమ్మి కూడా దిగలేదు. దానికి తోడు ఎక్కిళ్ళు, ఆగితే ఒట్టు.

మర్నాడు పెద్దాసుపత్రిలో ఎంఆర్ఐ తీస్తే దొరికింది. మెదడు అడుగున ఉండే మజ్జాముఖంలో (మెడుల్లా), ఎడమ పక్కన, చిన్న మచ్చ. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ. ఆ పేరు వినగానే దాని మొహం పాలిపోయింది. ఊపిరినీ గుండె వేగాన్నీ నడిపే చోటు అదేనని చదువుకుంది మరి. నిద్రలో ఊపిరి గమనించాలని నన్ను ఐసీయూలో ఉంచారు. రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల లోపు ఇవ్వాలట, ఆ టైమ్ దాటిపోయింది. ఆస్పిరిన్, బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలు మొదలుపెట్టారు.

డాక్టరుగారు కాగితం మీద బొమ్మ వేసి చూపించారు. మెదడు కాండంలో పైన మధ్య మెదడు, నడుమ పాన్స్, అడుగున మజ్జాముఖం, ఆ కింద వెన్నుపాము. మజ్జాముఖం పొడవు 3 సెంటీమీటర్లే. మెదడు నుంచి బయల్దేరే 12 జతల నరాల్లో 10 జతలు ఈ కాండం నుంచే వస్తాయి. కాళ్ళూ చేతుల్ని ఆడించే నరాల దారి మజ్జాముఖం ముందు వైపు ఉంటుంది. నాకు రక్తం అందనిది పక్కన, వెనక. అందుకే బలం పోలేదు. మింగడం, గొంతు, నిలదొక్కుకోవడం పోయాయి. దీన్ని 1895లో వాలెన్‌బర్గ్ అనే జర్మన్ డాక్టరు వివరించాడట. డిశ్చార్జి కాగితంలో జబ్బుకి ఆయన పేరే ఉంది.

నాకు వింతగా అనిపించింది మాత్రం వేడి సంగతి. మొహంలో ఎడమవైపు వేడీ చల్లనా తెలియదు. మెడ కిందికి వచ్చేసరికి తెలియనిది కుడివైపు! ఒంటి నుంచి వేడినీ నొప్పినీ మోసే నరాలు వెన్నుపాములోనే అవతలి పక్కకి దాటి పైకి వస్తాయట. మొహానివి ఆ చోట ఇంకా దాటవు. తాకితే తెలుస్తుంది, కాలితే తెలియదు. మూకుడు దింపే మనిషికి ఇంతకన్నా టెన్షన్ ఏముంటుంది? ఇప్పటికీ నూనె కాగిందో లేదో ఎడమ చేత్తోనే చూస్తాను. పొయ్యి దగ్గర చెమట కూడా మొహానికి కుడి సగమే పడుతుంది.

తిండి విషయానికి వస్తే, మొదట్లో ముక్కులోంచి వేసిన గొట్టంలోనే పాలు, జావ. ఊరంతటికీ కూరలు వండి పెట్టేదాన్ని, వాసన చూస్తూ పడుకోవాల్సి వచ్చింది. పలచనివి తేలిగ్గా దిగుతాయనుకుంటాం కదా, కాదు. నీళ్ళే అన్నిటికన్నా కష్టం, తిన్నగా ఊపిరి గొట్టంలోకి జారిపోతాయి. చిక్కటి రాగిజావ నయం. థెరపీ చెప్పే అమ్మాయి తల ఎడమవైపు తిప్పి మింగమంది. అలా తిప్పితే పనిచెయ్యని పక్క మూసుకుని, ముద్ద కుడి పక్క నుంచి దిగుతుందట. జావ తర్వాత మెత్తటి పెరుగన్నం, ఆ తర్వాత పప్పన్నం. గొట్టం తీసేశాక మా ఆయన ఆనందం పట్టలేక గుత్తివంకాయ పట్టుకొచ్చారు. థెరపీ అమ్మాయి చేతిలో చివాట్లు తిన్నారు.

ఇప్పుడు అన్నీ తింటున్నాను. గొంతు కొంచెం బొంగురే, ఫోన్‌లో ఆర్డరు తీసుకుంటుంటే కొత్తవాళ్ళు "సార్" అంటారు. నీళ్ళు తాగేటప్పుడు మాత్రం తల ఎడమకి తిప్పాల్సిందే. కౌంటర్‌కి ఎడమ పక్క పాన్ షాపు ఉంది. నేను గ్లాసెత్తినప్పుడల్లా ఆ అబ్బాయి ఏదో అడుగుతున్నాననుకుని "ఏంటక్కా?" అంటాడు.